ఎముకను ముట్టిన చేతులు

బాపట్ల వెళ్ళింది నేను పనిముట్ల పేర్ల కోసం. నాట్ల పాటల మీద చేసిన పరిశోధనను పుస్తకంగా వేద్దామని నాలుగేళ్ళుగా అనుకుంటున్నాను. పాటల్లో వచ్చే వ్యవసాయపు మాటలకు చివర ఒక పట్టిక ఇవ్వాలి. మేడి, నొగ, కర్రు, కాడి, గొర్రు, గుంటక, పలుగు, పార, చేట, గంప. ఒక్కొక్కటి ఏమిటో, ఎవరు దేనికి వాడతారో రాసుకోవాలి. బాపట్లలో 1945 నుంచీ వ్యవసాయ కళాశాల ఉంది. వ్యవసాయం చదివిన స్నేహితురాలు ఒకామె ఆ ఊళ్ళోనే ఉంటోంది. రెండు రోజులు వాళ్ళింట్లో ఉండి ఆమె పుస్తకాలు తిరగేశాను.

ఒక పుస్తకంలో బొమ్మ ఒకటి కనిపించింది. వెడల్పాటి ఎముక. పైభాగాన రెండు బెజ్జాలు. కర్ర పిడికి దాన్ని తీగతో కట్టిన తీరు పక్కనే గీసి ఉంది. కింద చైనాలో దొరికిన పార అని రాసి ఉంది. గేదె జబ్బ ఎముకతో చేసింది. వరి పండించిన మనుషులది. ఆ పేజీని జిరాక్స్ తీయించుకుని తెనాలి తెచ్చుకున్నాను.

మా అమ్మ ఆ కాగితాన్ని బల్ల మీద చూసింది. "ఇదేంటే?" అంది. చెప్పాను. "ఎముకా! బొమ్మ అయితే మాత్రం, అన్నం తినే బల్ల మీద పెడతావా?" అని కాగితాన్ని తన చేత్తో తీయకుండా, పక్కనున్న పుస్తకం అట్టతో నావైపు తోసింది.

నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు. గేదె పాలు, గేదె పెరుగు, గేదె పేడ, అన్నీ మా అమ్మ చేతుల మీదుగా నడిచినవే. పేడ ముద్దను ఒట్టి చేత్తో తీసి కళ్ళాపి చల్లిన మనిషి, గేదె ఎముక బొమ్మ ఉన్న కాగితాన్ని ముట్టుకోలేకపోయింది. ఈ ముట్టుకోలేకపోవడానికి ఒక చరిత్ర ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఆ పార సంగతి చెప్తాను. చైనాలో జెజియాంగ్ రాష్ట్రంలోని హెముడు అనే చోట 1973లో తవ్వకాలు మొదలుపెట్టారు. సుమారు ఏడు వేల ఏళ్ళనాటి ఊరు బయటపడింది. వరి గింజలు, పొట్టు, గడ్డి మందంగా పేరుకున్న పొరలు, వాటితోపాటు వందకు పైగా ఎముక పారలు దొరికాయి. చాలావరకు గేదెల జబ్బ ఎముకలు. ఒకవైపు వెడల్పుగా పలచగా, ఇంకోవైపు ఇరుగ్గా దళసరిగా ఉండే ఎముక అది. పెద్దగా చెక్కాల్సిన పని లేదు, ప్రకృతే సగం పార చేసి ఇచ్చింది. పిడి కట్టుకుంటే తడిమట్టిని తవ్వుతుంది. మన డెల్టా లాంటి బురద నేల, మన లాంటి వరి, మన లాంటి గేదె.

మన దగ్గరా ఎముకను పనిముట్టుగా మలిచిన చరిత్ర చిన్నది కాదు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వకాలు జరిపి, మనుషులు చెక్కిన ఎముకలు దొరికాయని రాశారు. 1970లలో ఎం.ఎల్.కె.మూర్తి ఆ ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవిని తవ్వినప్పుడు రాతి పనిముట్లతోపాటు ఎముక పనిముట్లు బయటపడ్డాయి. అవి వేటాడి, ఏరుకుని తిన్న కాలానివి. తర్వాత పశువుల్ని మచ్చిక చేసుకున్న కాలం వచ్చింది. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ తవ్వారు. పశువుల దొడ్లలో పేరుకున్న పేడను తగలబెట్టగా ఏర్పడిన దిబ్బ అది. నాలుగైదు వేల ఏళ్ళ కిందటి పశువుల గిట్టల అచ్చులు కూడా అందులో కనిపించాయి. దక్షిణాదిలో ఆ కాలపు ఊళ్ళలో ఎముకతో చేసిన మొనలు, ఉలులు దొరికాయి.

ఈ పుస్తకాలన్నీ చదువుతుంటే ఒక మాట పదే పదే తగిలింది. 'ఆదిమ మానవుడు ఎముకను చెక్కాడు', 'మానవుడు నేలను తవ్వాడు'. ఎముక ఏ జంతువుదో చెప్తారు, శరీరంలో ఏ భాగానిదో చెప్తారు, ఎన్ని అంగుళాలో చెప్తారు. పట్టుకున్న చెయ్యి మాత్రం 'డు' అనే ప్రత్యయంలో కలిసిపోతుంది. తెలుగు వాక్యానికి ఆ ప్రత్యయం లేకుండా నడవడం కష్టమని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఎముక పార పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెలిసిన సందర్భం ఒకటుంది.

అమెరికాలో మిస్సోరి నది ఒడ్డున హిడాట్సా తెగ ఉంది. ఆ తెగలో సుమారు 1839లో పుట్టిన స్త్రీని ఇంగ్లీషులో బఫెలో బర్డ్ ఉమన్ అని రాస్తారు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, పొద్దుతిరుగుడు పండించడం ఆ తెగలో స్త్రీల పని. పొలం స్త్రీలది, విత్తనం స్త్రీలది, ధాన్యం దాచే పాతర స్త్రీలది. 1906 నుంచి గిల్బర్ట్ విల్సన్ అనే క్రైస్తవ బోధకుడు వేసవుల్లో అక్కడికి వెళ్ళి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. ఆమె కొడుకు దుబాసీగా కూచున్నాడు. చిన్నప్పుడు తన అమ్మమ్మ వాడిన పార గురించి ఆమె అందులో చెప్పింది. అడవిదున్న జబ్బ ఎముకను కర్రకు కట్టిన పార అది. అప్పటికే తెల్లవాళ్ళ దగ్గర కొన్న ఇనుప పారలు వచ్చేశాయి. చుట్టూ అందరూ ఇనుము పట్టుకున్నా ఆ ముసలమ్మ తన ఎముక పారనే వాడుకుంది. మంచం కింద దాచుకునేది. పిల్లలు ముట్టుకోబోతే విరగ్గొడతారని కసిరేది.

ఆ మంచం కింది పార గురించి చదివాక నాకు మ్యూజియంలో గాజు వెనక ఉండే ఎముకల మీద నమ్మకం పోయింది. పనిముట్టు అంటే ఒకరి మంచం కింద ఉండేది, ఒకరి చేతికి అలవాటైనది, ఒకరు విరుగుతుందేమోనని భయపడేది.

ఈ కథలో మనలాంటి వాళ్ళు గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆమె చెప్పిన వ్యవసాయమంతా 1917లో పుస్తకంగా అచ్చయింది. అంతకు ముందు సంవత్సరం మిన్నెసోటా విశ్వవిద్యాలయం దానికి డాక్టరేట్ ఇచ్చింది. విల్సన్ నిజాయితీపరుడే, ఆమె మాటల్ని ఆమె మాటలుగానే ఉంచాడు. అయినా పట్టా ఆయనకే వచ్చింది. నాట్ల పాటల మీద డాక్టరేట్ తీసుకున్నదాన్ని నేను. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దానికి మళ్ళీ వస్తాను.

పారతో, తవ్వుకోలతో చేసే సేద్యంలో స్త్రీ ముందుంటుందనీ, నాగలి వచ్చాక సేద్యం పురుషుడి చేతికి పోతుందనీ 1970లో ఎస్తేర్ బోసరప్ ఆఫ్రికా, ఆసియాల వ్యవసాయాన్ని పోల్చి రాసింది. ఆ సూత్రాన్ని ప్రతిచోటా యథాతథంగా అన్వయించలేం. మన డెల్టాలో నాగలి దున్నే నేల మీదే నాటు వేసేది, కలుపు తీసేది, కోత కోసేది స్త్రీలు. నడుము వంచిన పని అంతా వాళ్ళదే. కానీ నాగలి మేడి మీద మాత్రం స్త్రీ చెయ్యి పడకూడదు. ఆడది అరక కడితే అరిష్టమని మా నాయనమ్మ కూడా నమ్మేది. ఏరువాక పున్నమి నాడు నాగలికి పసుపు రాసి బొట్టు పెట్టేది మాత్రం ఆవిడే. పూజకి ముట్టుకోవచ్చు, పనికి ముట్టుకోకూడదు.

పట్టిక రాసుకుంటూ 'పనిముట్టు' అన్న మాట దగ్గరే నేను చిక్కుకుపోయింది ఇందుకే. మన నిఘంటువుల్లో 'ముట్టు' అన్న మాట తీసి చూడండి. తాకడం అని ఉంటుంది. సాధనం అని ఉంటుంది. స్త్రీల బహిష్టు అని కూడా ఉంటుంది. ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయా, వేరువేరుగా వచ్చి ఒకే రూపంలో కలిశాయా అన్నది భాషాశాస్త్రం తెలిసినవాళ్ళు తేల్చాల్సిన విషయం. నాకు కావలసింది వేరు. పనిముట్టు, ముట్టు, ముట్టుకోవడం, మూడూ మన నోట్లో ఒకే ధ్వనితో పలుకుతాయి. మన బతుకులో కూడా మూడూ ఒక్కచోటే ముడిపడి ఉన్నాయి. ముట్టయిన స్త్రీ పనిముట్టు ముట్టుకోకూడదు. ఫలానా కులం మనిషి చేసిన పనిముట్టు కావాలి, మనిషిని మాత్రం ముట్టుకోకూడదు. ఎద్దు బతికుంటే పూజ. అదే ఎద్దు చచ్చాక ఇంటివాళ్ళెవరూ ముట్టరు. ముట్టడానికి ఊరి బయట కొందరిని పెట్టారు. వాళ్ళు ముట్టుకున్నారు కాబట్టి వాళ్ళనీ ముట్టరాదన్నారు.

పనిముట్ల చరిత్ర అంటే రాయి పోయి ఎముక, ఎముక పోయి ఇనుము, ఇనుము పోయి ట్రాక్టరు అని చదువుకున్నాం. ఏది ఎవరు ముట్టుకోవచ్చు అన్న నియమాల చరిత్రగా దాన్ని చదివితే స్త్రీలూ దళితులూ దళిత స్త్రీలూ అందులో కనిపించడం మొదలవుతారు.

ఈ ఆలోచనలతో తెనాలి నుంచి రేపల్లె రైలెక్కాను. మా నాయనమ్మ పుట్టిన ఊరు రేపల్లె దగ్గర. మా చిన్నప్పుడు అంతా గుంటూరు జిల్లానే. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు తెనాలి గుంటూరులో ఉండిపోయింది, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. రైలు మాత్రం పాత దారినే వేమూరు, భట్టిప్రోలు మీదుగా పోతుంది.

భట్టిప్రోలు స్టేషన్ దాటేటప్పుడు ఎముక గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాను. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించాడు. రాతి పెట్టెలు, వాటిలో స్ఫటికపు భరిణెలు, వాటిలో ధాతువులు దొరికాయి. ధాతువు అంటే బుద్ధుడిదిగా భక్తులు కొలిచే అస్థిక. ఆ పెట్టెల మీది రాతలు దక్షిణాదిలో దొరికిన అతి పాత శాసనాల్లో కొన్ని. 1920లో కలకత్తాలో మహాబోధి సొసైటీ కట్టిన ధర్మరాజిక విహారంలో ఆ ధాతువును ప్రతిష్ఠించారు. గవర్నరు స్వయంగా అప్పగించాడు.

అదే స్తూపం తవ్వకానికి ముందు ఏ స్థితిలో ఉండేదో కూడా తెలుసుకోవాలి. బౌద్ధం పోయాక ఆ దిబ్బకి స్థానికంగా మిగిలిన పేరు లంజదిబ్బ. ఆంధ్రదేశంలో ఇంకొన్ని స్తూపాలకీ ఇలాంటి పేరే పెట్టారు. ఒకప్పుడు కులం అడగని మతం ఎముకను దాచిన చోటును తిట్టడానికి ఊరికి దొరికిన మాట ఒక స్త్రీని తిట్టే మాట. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ దిబ్బ పాలరాళ్ళనీ ఇటుకల్నీ రోడ్లకీ కాలవ తూములకీ తరలించారు. 1855కి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. ఆ కాలవలతో పండిన అన్నమే మా కుటుంబం తిన్నది.

ఇదే నేలలో ఒక ఎముక స్ఫటికపు భరిణెలో ఉంది, మరో ఎముకను ఊరి బయట పారేశారు. భరిణెలోని ఎముకను ముట్టిన చెయ్యి పావనం. బయటి ఎముకను ముట్టిన చెయ్యి అంటరానిది. ఎముకల్లో రెండు జాతులు లేవు. రెండూ సున్నమూ భాస్వరమే.

నాయనమ్మ వాళ్ళ ఊళ్ళో నేను కలిసిన పెద్దావిడకి డెబ్భై అయిదేళ్ళు దాటాయి. ఆవిడ తల్లి మా నాయనమ్మ పుట్టింటి పొలంలో పనిచేసింది. తనకన్నా పదేళ్ళు పెద్దదైన ఆ మనిషిని మా నాయనమ్మ 'ఒసే' అని పిలవడం నాకు గుర్తుంది. నేను ఈవిడను 'పెద్దమ్మా' అన్నాను. ఆవిడ నన్ను 'అమ్మాయిగారూ' అంది. 'గారు' వద్దని రెండుసార్లు చెప్పాను. "అలవాటమ్మా" అంది. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నాకు వేసి తను మెట్టు మీద కూచుంది. నేనూ మెట్టు మీదికి దిగాను. స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చింది, తాగాను. తాగుతున్నానన్న స్పృహ నాకుంది. ఆవిడ ఇంట్లో నీళ్ళు తాగడాన్ని ఒక పనిగా గుర్తించకుండా తాగగలిగిన రోజున నాలో ఏదైనా మారిందనుకోవాలి.

పనిముట్ల పేర్లు అడిగాను. చకచకా చెప్పింది. ఎడ్ల మెడకి పట్టెడలు, కాడికి వార్లు, చర్నాకోల, చెప్పులు, అన్నీ వాళ్ళ ఇంటి మగవాళ్ళు చేసినవే. చచ్చిన గొడ్డును తీసుకెళ్ళడం, తోలు వలవడం, ఊనడం, కుట్టడం. బదులుగా కళ్ళంలో మేర కొలిచేవారు. తోలు పని గురించి పుస్తకాల్లో ఉంది కాబట్టి ఇవి నాకు కొంత తెలుసు. "మరి ఎముకలు?" అన్నాను.

కాసేపు నా మొహంలోకి చూసింది. "అది ఆడోళ్ళ పని," అంది.

వలిచిన కళేబరాన్ని ఊరికి దూరంగా వదిలేసేవారు. కుక్కలూ రాబందులూ కొన్నాళ్ళలో శుభ్రం చేసేవి. ఎండకి ఎముక తెల్లబడ్డాక ఆడవాళ్ళూ పిల్లలూ గంపలు తీసుకుని వెళ్ళి ఏరుకొచ్చేవారు. కొనేవాడు బండి కట్టుకుని వచ్చేవాడు. అన్ని గంపలూ ఒకచోట పోస్తే తెల్లటి కుప్ప. అది స్టేషనుకి పోయేది. అక్కణ్ణించి ఎక్కడికి పోయేదో ఆవిడకి తెలియదు. తల్లితో కలిసి ఎనిమిదేళ్ళప్పుడు వెళ్ళింది. వాన పడ్డాక ఏరితే వాసన చేతుల్ని రెండు రోజులు వదిలేది కాదట. అన్నం తినేటప్పుడు తల్లి తన చేత్తో తినకుండా పిల్లల చేత్తో ముద్ద పెట్టించుకునేదట.

తర్వాత ఆవిడ చెప్పిన సంగతి కోసం నేను వెళ్ళలేదు. అది దానంతటదే వచ్చింది. కోతలయ్యాక వాళ్ళు పరిగె ఏరుకునేవారు. రాలిన వెన్నులు అయిపోయాక గట్ల వెంట ఎలుక కన్నాలు వెతికేవారు. ఎలుక దాచుకున్న వడ్లు అడుగున ఉంటాయి. ఎండాకాలం నల్లమట్టి రాయిలా గట్టిపడుతుంది. గడ్డపార, పలుగు ఆసామి ఇంట్లో ఉంటాయి. ఆయన పని చేసినప్పుడు ఇస్తారు, పొద్దుగూకితే లెక్కపెట్టి తీసుకుంటారు. ఎలుక కన్నం తవ్వుకోడానికి ఎవరిస్తారు? తల్లి ఎముకల్లోంచి గట్టిదొకటి ఏరి దాచేది. జబ్బ ఎముక వెడల్పుది మట్టి తోడటానికి, పక్కటెముక కొన వైపు రాతి మీద అరగదీసి తవ్వటానికి.

నా చేతిసంచిలో హెముడు పార బొమ్మ ఉంది. తీసి చూపించాను. ఆవిడ కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఎండలోకి తిప్పి చూసింది. మా అమ్మ ముట్టని కాగితం అది. "ఇదే," అంది. "మాకు కర్ర లేదు. ఒట్టి ఎముకే. వాళ్ళు తెలివిగలోళ్ళు, బెజ్జం ఏశారు."

"అయితే మీ అమ్మ పనిముట్టు చేసింది పెద్దమ్మా," అన్నాను.

"అది పనిముట్టేంటమ్మా!" అని నవ్వింది. "ఇనప ముక్క లేక ఎముక పట్టుకున్నాం. పనిముట్లు మీయి."

నేను ఈ మాటను ఎన్నిసార్లు తలుచుకున్నానో చెప్పలేను. ఎముక తర్వాత ఇనుము వచ్చిందని మన పాఠ్యపుస్తకం. ఇనుము వచ్చిన వేల ఏళ్ళ తర్వాత, ఇనుము నిండుగా ఉన్న ఊళ్ళో ఒక స్త్రీ మళ్ళీ ఎముక పట్టుకుంది. యుగాలు అందరికీ ఒకేసారి మారవు. 1950ల రేపల్లె ప్రాంతంలో ఒకే గట్టు మీద రెండు యుగాలు ఉన్నాయి. ఆ తేడాను సృష్టించింది తెలివి కాదు, ఆస్తి. హిడాట్సా అమ్మమ్మ ఎముక పారను ఇష్టంతో ఉంచుకుంది. ఈ తల్లికి ఆ ఎంపిక లేదు. రెండింటినీ 'సంప్రదాయ పనిముట్టు' అని ఒకే అద్దాల బీరువాలో పెడితే అబద్ధం చెప్పినవాళ్ళం అవుతాం.

తిరిగి వచ్చాక ఆ తెల్లటి కుప్ప ఎక్కడికి పోయేదో వెతికాను. ఎముకల పొడి ఎరువు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు పొలాలకి భాస్వరం కోసం ఎముకల ఆకలి పట్టింది. యూరప్ యుద్ధభూముల్లోని ఎముకల్ని కూడా తవ్వుకుపోయారని జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ దుమ్మెత్తిపోశాడు. మన దేశం నుంచీ ఎముకలు ఓడలకెక్కాయి. 1889లో ఇక్కడి వ్యవసాయాన్ని పరిశీలించడానికి వచ్చిన వోల్కర్ 1893 నివేదికలో ఎముకల ఎగుమతిని నేల సారం నష్టంగా చర్చించాడు. 1928లో రాయల్ వ్యవసాయ కమిషన్ కూడా మళ్ళీ ఆ చర్చ చేసింది. పచ్చి ఎముకల పొడిలో నత్రజని 3 నుంచి 4 శాతం, భాస్వరం 20 నుంచి 25 శాతం ఉంటుందని వ్యవసాయ విద్యార్థులు చదువుతారు. మెల్లగా కరుగుతుంది, ఆమ్ల నేలలకి బాగా నప్పుతుంది. క్షారగుణం ఎక్కువుండే మన నల్లరేగడికి అంతగా పనిచేయదు. అంటే డెల్టా స్త్రీలు ఏరిన ఎముకలు డెల్టా నేలకి పెద్దగా తిరిగి వచ్చే వీలూ లేదు.

నష్టం గురించి రాసినవాళ్ళు నేల నష్టపోయింది అన్నారు, దేశం నష్టపోయింది అన్నారు. శాతాలు రాసినవాళ్ళు నత్రజని, భాస్వరం లెక్కలు ఇచ్చారు. గంప ఎత్తిన చెయ్యి ఏ పట్టికలోనూ లేదు. బాపట్లలో నా స్నేహితురాలికి ఈ విషయం చెప్తే, "నాలుగేళ్ళు ఎరువులు చదివాను, ఎముకల పొడి మిల్లులో పుడుతుందనుకున్నాను," అంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, అది నాకు తెలుసు. నా కులం స్త్రీ ఒకతె దళిత స్త్రీ చేసిన ఎముక పనిని 'జ్ఞానం', 'నైపుణ్యం' అని మురిసిపోవడం తేలిక. 1927 మహద్ నుంచీ అంబేద్కర్ చచ్చిన గొడ్డును మొయ్యొద్దని చెప్పాడు. మానేయడమే మన ప్రాంతపు మాదిగపల్లెల్లో కూడా ఆత్మగౌరవ పోరాటమైంది. ఆవిడ కూడా ఎముకలు మానేసిన రోజును పండగలా చెప్పింది. అప్పటికి ఆవిడకి పెళ్ళయింది. అత్తగారు చర్చికి వెళ్ళేది. ఒక గొడ్డు చస్తే కబురొచ్చింది. ఇంట్లో ఎవరూ లేవలేదు. "మా అత్త గంపని పొయ్యిలో పెట్టింది," అంది. ఒక పనిముట్టును కాల్చేయడం కూడా పనిముట్ల చరిత్రలో భాగమే.

ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న కారంచేడులో 1985 జులై 16న జరిగింది మనందరికీ తెలుసు. మాదిగపల్లె తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బాల్చీ కడుగుతుంటే ఒక కుర్రవాడు అభ్యంతరం చెప్పాడు. అతన్ని కొట్టబోతే నీళ్ళకి వచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడింది. తన మీద దెబ్బ పడబోతే చేతిలో ఉన్న బిందె ఎత్తింది. మర్నాడు దాడిలో ఆరుగురు మాదిగలను చంపారు. బిందె నీళ్ళు మోసే పనిముట్టు. ఒక మాదిగ స్త్రీ దాన్ని పనికి కాక తన కోసం ఎత్తిన ఆ ఒక్క క్షణాన్ని ఊరు భరించలేకపోయింది. ఎలుక కన్నం కోసం గడ్డపార ఎందుకివ్వరో నాకు అక్కడ అర్థమైంది. పొలం పనికి ఇచ్చిన ఇనుము వాళ్ళ సొంత పనికి వాడటం మొదలైతే ఎక్కడ ఆగుతుందో తెలియదని భయం.

సాహిత్యంలో ఈ చెయ్యి ఎక్కడుందని వెతికాను. 1941లో జాషువా 'గబ్బిలం'లో గబ్బిలంతో గోడు చెప్పుకున్నది చెప్పులు కుట్టే అరుంధతీసుతుడు. తెలుగు కవిత్వానికి దక్కిన గొప్ప గొంతు అది. ఆ పేరులో తల్లి ఉంది, సుతుడు మాట్లాడాడు. తల్లులూ కూతుళ్ళూ తామే మాట్లాడిన మాటల్ని 2003లో గోగు శ్యామల 'నల్లపొద్దు'గా కూర్చి ఇచ్చేదాకా మన విమర్శ ఆ వైపు చూడలేదు. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు స్త్రీల జ్ఞాపకం చరిత్రకి ఆధారమని నేర్చుకున్నాం. ఎవరి జ్ఞాపకం, ఎవరు అడిగితే, ఎవరి పేరుతో అన్న ప్రశ్నలు తర్వాత నేర్చుకున్నాం, ఇంకా నేర్చుకుంటున్నాం.

నా సిద్ధాంత గ్రంథంలో నూట నలభై పాటలున్నాయి. ఒక్కొక్కదానికి ఊరు, సేకరించిన తేదీ, సేకర్త పేరు ఉన్నాయి. సేకర్త నేనే. పాడినవాళ్ళని 'వక్తలు' అని ఒక్క పేరాలో కలిపి కృతజ్ఞత చెప్పాను. అప్పట్లో నన్నెవరూ తప్పుపట్టలేదు. నేనూ పట్టుకోలేదు. పుస్తకంగా వేసేటప్పుడు ఒక్కొక్కరి దగ్గరికీ మళ్ళీ వెళ్ళి, పేరు రాయమంటారా వద్దా అని అడగాలని ఇప్పుడు నిర్ణయించుకున్నాను. కొందరు చనిపోయారని తెలుసు. వాళ్ళ కూతుళ్ళని అడుగుతాను.

పేరు రాస్తేనే న్యాయం అని రేపల్లె వెళ్ళేదాకా అనుకున్నాను. ఆవిడను అడిగితే వెంటనే తల అడ్డంగా ఊపింది. "మనవరాలు డిగ్రీ చదువుతోందమ్మా. దాని స్నేహితులు చూస్తారు. మా పేరు, మా ఊరు పేరు రాయమాక." ఒక నిమిషం ఆగి, "పని రాయి. చేశామని రాయి," అంది.

అందుకే ఈ వ్యాసంలో ఆవిడ పేరు లేదు. పేరు లేకపోవడం ఇక్కడ నా మరుపు కాదు, ఆవిడ పెట్టిన షరతు.

నా పట్టికలో గడ్డపారకీ గుంటకకీ మధ్య ఒక కొత్త మాట చేర్చాను. 'ఎముక: పశువు జబ్బ ఎముక, పక్కటెముక. రేపల్లె ప్రాంతంలో ఇనుప పనిముట్టు దక్కని స్త్రీలు ఎలుక కన్నాల్లోని వడ్లు తవ్వుకోవడానికి వాడారు.' వాక్యం చివర 'వాడారు' అని రాస్తూ 'డు' రాకుండా చూసుకున్నాను.

జిరాక్స్ కాగితం ఇప్పుడు నా దగ్గర లేదు. తిరిగి ఇవ్వబోతే ఆవిడ దాన్ని మడిచి మంచం మీది దిండు కింద పెట్టుకుంది. మనవరాలు వచ్చాక చూపిస్తానంది.